రాహుకాలం దాటించిన వీసీఆర్

బుధవారం ఉదయం ఆదోనిలో సరస్వతీబాయి వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. సాయంత్రం ఆరున్నరకు టీవీలో చేనేత మీద అరగంట కార్యక్రమం వస్తుంది. తమ్ముడు భీమరావు వీసీఆర్‌కు టైమర్ పెడతాడు. కార్యక్రమం క్యాసెట్టులోకి ఎక్కుతుంది. గురువారం పొద్దున ఆ క్యాసెట్టుతో ఆమె ఎమ్మిగనూరు బస్సెక్కుతుంది. ముప్పయ్యేళ్ళు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి, తప్పు చేసినవాళ్ళచేత తప్పు ఒప్పించకుండా ఒక్కనాడూ బడిలో ఇంటిగంట కొట్టించని మనిషికి ఇదొక లెక్క కాదు.

హంపమ్మకు మాత్రం అది ప్రాణంతో సమానమైన పని. ఎమ్మిగనూరులో మగ్గం నేసే హంపమ్మ, చింతాకుల వరుసతో ఒక చీర అంచును తానే కల్పించింది. రెండు నెలల క్రితం టీవీవాళ్ళు వచ్చినప్పుడు, ఆమెకు నూలిచ్చి నేయించుకునే వీరభద్రప్ప కెమెరా ముందు నిలబడి, ఈ అంచు మా హంపమ్మ బుర్రలో పుట్టిందని ఉదారంగా చెప్పాడు. తరువాత ఆ చీరకు జిల్లా బహుమతి వచ్చింది. ఆనాటి నుంచి అంచు వీరభద్రప్ప బుర్రలో పుట్టినట్టు ఊరంతా ప్రచారమైంది. గురువారం ఒక అధికారి వచ్చి, ప్రశంసాపత్రం మీద ఎవరి పేరు ఉండాలో తేల్చి రాసుకుని పోతాడు.

"నాకు సదువు రాదమ్మా. ఆయప్ప మాట ముందర నా మాట నిలబడుతుందా?" అంది, పొద్దున్నే బస్సు దిగి వచ్చిన హంపమ్మ.

"నీ మాట అక్కర్లేదు. ఆయన మాటనే ఆయన ముందర నిలబెడతాను," అంది సరస్వతీబాయి.

ఇక్కడ భీమరావు వీసీఆర్ జాతకం కొంత చెప్పక తప్పదు. అది ఆ ఇంటికి వచ్చింది ఒక సోమవారం. తెచ్చినవాడు తొందరపడి, సరిగ్గా ఎనిమిది గంటలకు ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. భీమరావు కొంతసేపు తల పట్టుకుని కూర్చుని, లేచి, యంత్రంలోని గడియారాన్ని తొమ్మిదీ పదికి తిప్పాడు. తన లెక్కలో ఆ యంత్రం రాహుకాలం దాటాకే పుట్టింది. అప్పటి నుంచి అది లోకం కంటే డెబ్బై నిమిషాలు ముందు బతుకుతోంది. ఆరున్నర కార్యక్రమం కావాలంటే దానికి ఏడూ నలభై అని చెప్పాలి. ఆ ఇంట్లో దీన్ని ఎవరూ వింతగా చూడడం ఎన్నడో మానేశారు.

మొదటి విఘ్నం యాంటెనాతో వచ్చింది. టీవీ పెట్టి చూస్తే బొమ్మకు బదులు చుక్కలు. కబురందుకున్న మెకానిక్ యేసేపు మేడెక్కి, పిట్టగోడ మీదుగా తల వంచాడు.

"టీచరమ్మా, యాంటెనాకు రోగమేం లేదు. దిక్కు మారింది. బళ్లారి పక్క చూస్తాంది."

"తిప్పినవాళ్ళెవరు?"

సరస్వతీబాయి విచారణ వెంటనే మొదలైంది. నిన్న మేడ మీద మిరపకాయలు ఆరబోసిన పక్కింటి రమాబాయిని గోడ దగ్గరికి పిలిపించింది. ఏ వేళకు ఎక్కావు, ఏ వైపు నుంచి దిగావు, కొంగు దేనికైనా తగిలిందా అని వరుసగా అడిగింది. రమాబాయికి నోట మాట రాకముందే పైనుంచి యేసేపు దగ్గాడు.

"ఆయమ్మనెందుకు అడుగుతారమ్మా? ఈడ కమ్మీకి తొమ్మిది గజాల చీర కట్టింది. గాలి పట్టి తెరచాప మాదిరి తిప్పేసినాది."

ఆ చీర సరస్వతీబాయిదే. మడిచీర ఎవరి చేతికీ అందకూడదని, మేడ మీద అన్నిటికన్న ఎత్తైనచోట తానే తెల్లవారుజామున కర్రతో ఆరేసింది.

"చూస్తూ నిలబడ్డావేం? తీసెయ్యి."

"మడిబట్ట గదమ్మా. ముట్టుకుంటే మీకు పనికిరాదు. ముట్టుకోకుంటే టీవీకి పనికిరాదు."

సరస్వతీబాయి ఒక్క క్షణం ఆలోచించింది. "ముట్టుకో యేసేపూ. చీర మళ్ళీ తడుపుకుంటాను. ఆ కార్యక్రమం మళ్ళీ వెయ్యరు." తరువాత గోడ వైపు తిరిగి, "రమాబాయీ, నేరం నాది. నిన్ను అనుమానించినందుకు మన్నించు," అంది. రమాబాయికి ఆ మన్నింపు కోరడం కూడా మందలింపులాగే వినబడింది. ఆమె తల ఊపి లోపలికి పోయింది.

యాంటెనా హైదరాబాదు వైపు తిరిగింది. బొమ్మ అద్దంలా నిలిచింది. భీమరావు టైమర్‌లో ఏడూ నలభై పెట్టి చేతులు దులుపుకునేలోగా, వీధిలో రిక్షా మైకు వినిపించింది. లైన్ల మరమ్మతు కోసం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఆదోనిలో కరెంటు ఉండదు.

ఎమ్మిగనూరులో కరెంటు ఉంటుంది గానీ, అక్కడ వాళ్ళకు తెలిసిన వీసీఆర్‌లు రెండే. ఒకటి వీరభద్రప్ప ఇంట్లో ఉంది. దాని ఊసెత్తే పని లేదు. రెండోది రామన్న వీడియో అంగట్లో ఉంది.

"అక్కా, మన టైమర్‌లో ఉన్నదంతా కాగితం మీదికెక్కిస్తే సరి. ఆడ రామన్న అట్లే దించుకుంటాడు," అన్నాడు భీమరావు.

అతను యంత్రం ముందు కూర్చుని చదివాడు. ఆమె కాన్వెంటులో దిద్దిన గుండ్రటి అక్షరాలతో రాసింది. మొదలు, ఏడూ నలభై. ముగింపు, ఎనిమిదీ పది. ఇద్దరి కళ్ళకూ అవి నిక్షేపంగా ఆరున్నరగానే కనబడ్డాయి. అంతటితో ఆగక, కింద రెండు గీతలు గీసి, "ఇందులో ఒక్క అంకె కూడా మార్చరాదు" అని చేర్చింది. హంపమ్మ ఆ కాగితాన్ని కొంగున ముడేసుకుని రెండు గంటల బస్సెక్కింది.

రామన్న కాగితాన్ని పైకి చదివాడు.

"ఏడూ నలభైనా? ఆరున్నర అనిరే అన్నా," అంది హంపమ్మ.

"టీచరమ్మ నాకు నాలుగో తరగతిలో చెప్పినాది. ఆయమ్మ రాసిందాంట్లో తప్పుంటుందా? మిషను లోపలి లెక్క వేరే ఉంటుందిలే."

కాగితంలో ఉన్నదున్నట్టు టైమర్ పెట్టి, అంగడికి తాళం వేసి, రామన్న నందవరంలో నామకరణానికి పోయాడు. హంపమ్మ ఎవరినీ నమ్మలేక అంగడి మెట్టు మీద కాపలా కూర్చుంది. ఆరున్నర దాటాక ఎదురింటి టీవీలోంచి తన గొంతే వినిపించింది. లోపల మిషను దాన్ని పట్టుకుంటోందని తృప్తిపడి, మెట్టు మీంచి కదలలేదు.

గురువారం పొద్దున వీరభద్రప్ప ఇంటి పెద్దగదిలో అధికారి సేతుమాధవరావు కాగితాలు పరచుకుని కూర్చున్నాడు. తమ్ముడితో పొద్దుటి బస్సులో వచ్చి, రామన్న అంగట్లోని క్యాసెట్టును హంపమ్మచేత తెప్పించుకున్న సరస్వతీబాయి లేచి నిలబడింది.

"సాక్ష్యం ఇందులో ఉంది. ఈ ఇంటి మిషనులోనే వేయించండి."

క్యాసెట్టు తిరిగింది. తెర మీద ఒకాయన గొర్రె నోరు తెరిచి, కడుపులో పురుగులు పోయేందుకు నట్టలమందు పోసే పద్ధతి ఓపికగా వివరిస్తున్నాడు. ఆయన వెనక మరో పాతిక గొర్రెలు.

"ఇందులో హంపమ్మ ఎవరండీ?" అని అధికారి వినయంగానే అడిగాడు.

"రెండో వరుసలో ఉండాదేమో సూడండి సార్," అన్నాడు వీరభద్రప్ప.

భీమరావు వేళ్ళు మడిచి లెక్క వేసుకుంటున్నాడు. "అక్కా... ఏడూ నలభై మన మిషనుకు. రామన్న మిషను రాహుకాలంలో పుట్టలేదు."

"తప్పు చదివింది వీడు. మార్చవద్దని రాసింది నేను," అంది సరస్వతీబాయి నెమ్మదిగా.

"నా పేరు గొర్రెల పాలాయెనా అమ్మా?" అంది హంపమ్మ. అధికారి కలం మూత తీశాడు.

అప్పుడు వీరభద్రప్ప మనసు పొంగింది. గెలిచినవాడు కొంత దయ చూపవచ్చు. కెమెరా ముందు తానన్న మాటను బహుమతి వచ్చిన నాడే మరిచిపోయాడు.

"ఇంత కష్టం దేనికి టీచరమ్మా? నన్నొక మాట అడిగింటే సాలు. నేనూ టైమర్ పెట్టే పోయింటి. రాత్రంతా కోడుమూరు పెండ్లిలో ఉంటిని, ఇంకా నేనే సూసుకోలేదు. సార్, రాసేది యాడికి పోతుంది? నా మొగం ఎట్ల పడిందో ఒకసారి సూద్దాం."

తన క్యాసెట్టు తానే తెచ్చి వేశాడు. జరీ కండువాతో వీరభద్రప్ప తెర నిండా నిలబడ్డాడు. కుర్చీలోని వీరభద్రప్ప మురిసిపోతూ ముందుకు వంగాడు. తెర మీది వీరభద్రప్ప గొంతు సవరించుకుని, "ఈ అంచు మా హంపమ్మ బుర్రలో పుట్టింది. నాదేముంది, నూలిచ్చినా, అంతే," అన్నాడు.

కుర్చీలోనివాడు ఆపబోయి, కంగారులో వెనక్కి తిప్పే మీట, ఆ వెంటనే ఆడించే మీట నొక్కాడు. తెర మీదివాడు గొంతు సవరించుకుని అదే మాట మరింత ఉదారంగా చెప్పాడు.

హంపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అధికారి ప్రశంసాపత్రం కోసం ఆమె పేరు, ఇంటిపేరు అడిగి రాసుకున్నాడు. తరువాత కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, కింద సాక్షి సంతకం ఒకటి కావాలన్నాడు.

గదిలో అందరూ ఒకే మనిషి వైపు చూశారు. వీరభద్రప్ప సంతకం చేశాడు. గీత మీద కుదరలేదని సరస్వతీబాయి మళ్ళీ చేయించింది.