కొత్త కంట్రోలర్ వస్తున్నాడు

ఆ సోమవారం వెండెలిన్ క్రాట్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు పోవాలి. కంపెనీ త్రీడీ ప్రింటర్ మీద తన సొంత వస్తువు ఒకటి అచ్చు తీసుకోవాలి. దాన్ని టిఫిన్ డబ్బాలో బ్రెడ్డు ముక్కల కింద దాచేసి, మిగతావాళ్లు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు బల్ల ముందు కూర్చోవాలి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమన్నమాట.

ఆ వస్తువు గేమ్ కంట్రోలర్. కంప్యూటర్‌లో ఆటలాడేవాళ్లు రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్లతో కుమ్మేస్తుంటారే, అది. బజారులో దొరికేవేవీ వెండెలిన్‌కు నచ్చవు. బొటనవేలితో తోసే పుల్ల ఇక్కడెందుకు పెట్టారు, బటన్ అక్కడెందుకు పెట్టారు అని ప్రతిదానికీ వంక. అందుకని తనే ఒకటి తయారు చేస్తున్నాడు. ఒక పలక, దాని మీద అయస్కాంతాలతో అతుక్కునే ముక్కలు. పుల్ల కావాలంటే పుల్ల, చక్రం కావాలంటే చక్రం, ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకోవచ్చు. రెండేళ్లుగా ఇదే పని. ఈ రెండేళ్లలో ఆట ఆడింది మాత్రం లేదు. పాపం, తీరికేదీ?

అతను ఇంజనీరుగా పనిచేసేది జర్మనీలో రాయ్ట్‌లింగెన్ ఊరిబయట బ్రుగ్లర్ కంపెనీలో. లిఫ్టులో మనం నొక్కే బటన్లు చేస్తారక్కడ. డిజైన్ విభాగం పెద్ద రిటైరవుతున్నాడు, ఆ కుర్చీ ఎవరిదో శుక్రవారం ప్రకటిస్తారు. అది వెండెలిన్‌దేనని అందరూ అనుకుంటున్నారు, అందరికంటే గట్టిగా వెండెలిన్ అనుకుంటున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీ కోసమే బతుకుతున్నాడు. ఇలాంటి సమయంలో కంపెనీ ప్లాస్టిక్‌తో సొంత బొమ్మలు చేసుకుంటూ దొరికిపోతే కుర్చీ గోవిందా.

అచ్చు చక్కగా వచ్చింది. ఆ సంబరంలో కాఫీ గదిలోకి పోయి స్నేహితుడు టిల్‌కు ఫోన్ చేశాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

జర్మన్ భాషలో వస్తువులకు కూడా ఆడా మగా తేడా ఉంది. చెంచా మగవాడు, ఫోర్కు ఆడమనిషి. కంట్రోలర్ మగవాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఇక్కడి కంపెనీల్లో ఖర్చుల మీద కాపలా కాసే అధికారిని కూడా కంట్రోలర్ అనే అంటారు. అదే మన తెలుగులో అయితే "అది" అన్న ఒక్క మాటతో ఈ కథ పుట్టకముందే చచ్చేది.

"ఒరేయ్ టిల్, పాతవాడితో ఇక వేగలేనురా," అన్నాడు వెండెలిన్. "ముసలాడైపోయాడు. ఎటు తోసినా ఎడమకే వాలతాడు. ముఖ్యమైన సమయంలో బిగుసుకుపోతాడు. అందుకే కొత్తవాణ్ని తయారుచేశా. వీడు ముక్కలు ముక్కలుగా ఊడొస్తాడు, అవసరమైనంత మేరకే వాడుకోవచ్చు. శుక్రవారం రానీ, పాతవాణ్ని విప్పేసి, లోపల పనికొచ్చేది ఏదన్నా ఉంటే తీసుకుని, మిగతాది చెత్తలో పారేస్తా."

కప్పుల అలమర వెనక, కాఫీపొడి ఎవరెంత వాడుతున్నారో చూడటానికి వంగి నిలబడ్డ ఎగ్బెర్ట్ హంపెల్‌కు కాళ్ల కింద నేల కదిలింది. ఆయనే ఆ కంపెనీ కంట్రోలర్. పెన్సిల్ అడిగితే "పాతది చూపించండి" అనే మహానుభావుడు. రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుంది.

ఆయన నేరుగా ఉద్యోగుల మండలి గదికి పరుగెత్తాడు. మండలి అధ్యక్షురాలు గెర్లిండె ఫోస్. చాలాకాలంగా యాజమాన్యంతో తగువు లేక ఆవిడకు అన్నం సహించడం లేదు.

"నన్ను విప్పేస్తాడటమ్మా!" అన్నాడు హంపెల్.

"కూర్చోండి, కూర్చుని చెప్పండి. ఎవరు?"

"క్రాట్స్! నా స్థానంలో ఎవణ్నో తెస్తున్నాడు. గంటల లెక్కన ముక్కలు ముక్కలుగా పనిచేసేవాడట. ముసలాణ్నన్నాడు, పోనీ అనుకున్నా. బిగుసుకుపోతానన్నాడు, అదీ పోనీ. ఎడమకి వాలతానన్నాడమ్మా! మా ఇంట్లో మా తాత కాలం నుంచి వామపక్షానికి ఎవడూ ఓటెయ్యలేదు!"

గెర్లిండె కళ్లలో వెలుగొచ్చింది. జుట్టు సవరించుకుని వెండెలిన్ బల్ల దగ్గరికి వెళ్లింది.

"క్రాట్స్ గారూ, కొత్త కంట్రోలర్ వస్తున్నాడని విన్నాను. నిజమేనా?"

వెండెలిన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ప్రింటర్ సంగతి బయటపడిపోయిందనుకున్నాడు. టిఫిన్ డబ్బాను మోచేత్తో మెల్లగా పక్కకు జరిపాడు.

"మీకెవరు చెప్పారు? మీకు దణ్ణం పెడతా ఫోస్ గారూ, శుక్రవారం దాకా ఎవరితోనూ అనకండి."

"అంటే మన యజమానురాలు మేడమ్‌కి కూడా తెలీదా?"

"తెలిస్తే ఇంకేమైనా ఉందా! ఇదంతా నా సొంత పూచీ మీద చేస్తున్నా. రెండేళ్లుగా ఇంట్లోనే పెట్టుకుని తీర్చిదిద్దుతున్నా."

"ఇంట్లోనా! మీ ఆవిడ ఏమీ అనలేదా?"

"మొదట్లో విసుక్కుంది. ఇప్పుడు వంటింటి బల్ల మీదే ఉంటాడు, అలవాటైపోయింది."

గెర్లిండె కాసేపు ఆ దృశ్యాన్ని ఊహించుకుంది. "చెప్పిన మాట వింటాడా?"

"మాటెందుకండీ, వేలు కదిపితే చాలు," అన్నాడు వెండెలిన్. భయంలోనూ మురిసిపోకుండా ఉండలేకపోయాడు. "ఒకవేళ ఏదన్నా భాగం పాడైతే పీకేసి ఇంకోటి పెట్టొచ్చు."

"రాక్షసుడు," అనుకుంటూ గెర్లిండె వెళ్లిపోయింది.

మంగళవారానికి వార్త కంపెనీ అంతా పాకింది. హంపెల్ మాత్రం కొత్త మనిషైపోయాడు. పోయేముందు నాలుగు మంచిమాటలు అనిపించుకుందామని, ఎవరేం అడిగినా సంతకం పెట్టేస్తున్నాడు. గోదాము వాళ్లకు కొత్త కుర్చీలు వచ్చాయి. మూలపడ్డ పాత హీటరు స్థానంలో కొత్తది వచ్చింది. పదేళ్లుగా నీళ్ల కాఫీ తాగుతున్న జనం మొదటిసారి నల్లటి కాఫీ తాగి నిద్రపట్టక అల్లాడారు. ఇంత మంచివాణ్ని తీసేస్తారా అని అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. నిజానికి ఆయన భయం ఇంకో నెలయినా తగ్గకూడదని లోలోపల దేవుడికి మొక్కుకున్నారు.

గెర్లిండె యజమానురాలి గదిలోకి దూసుకుపోయింది. డాక్టర్ ఆల్మూట్ బ్రుగ్లర్‌కు కొత్త కంట్రోలర్ గురించి ఓనమాలు తెలియవు. అయితే తెలియదని ఒప్పుకునే అలవాటు యజమానులకు ఎక్కడుంటుంది?

"ఆ విషయం పరిశీలనలో ఉంది," అంది ఆవిడ గంభీరంగా.

"అయితే హంపెల్ గారి గతేంటి? ఆయన్ని రోడ్డు మీద పడేస్తే ఒక్క బటన్ కూడా బయటికి పోదు!"

ఇదంతా క్రాట్స్ పనేనని చెప్పి గెర్లిండె వెళ్లగానే ఆల్మూట్ ఆలోచనలో పడింది. క్రాట్స్ తనంతట తానే చవకలో ఒక మనిషిని వెతికిపెట్టాడంటే బంగారంలాంటి ఉద్యోగి. నడవాలో ఎదురుపడినప్పుడు ఆవిడే పలకరించింది.

"క్రాట్స్ గారూ, మీ కంట్రోలర్ సంగతి నా చెవిన పడింది."

"క్షమించండి మేడమ్..." అన్నాడు వెండెలిన్ గోడకు ఆనుకుని.

"క్షమించడమేమిటి, చొరవంటే ఇదీ! ఖర్చెక్కువా?"

"లేదు మేడమ్, కారుచవక. చాలావరకు నా జేబులోదే."

"భేష్. గురువారం క్యాంటీన్‌లో అందర్నీ పిలుస్తున్నా. అక్కడ పరిచయం చెయ్యండి."

వెండెలిన్ ఇంటికి గాల్లో తేలిపోతూ వెళ్లాడు. దొరికిపోయాననుకుంటే మెచ్చుకున్నారు! ఇంక కుర్చీ తనది కాక ఎవరిది? బుధవారం సెలవు పెట్టి, కంట్రోలర్ అంచులు సన్నని ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నునుపు చేశాడు.

గురువారం క్యాంటీన్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. బంగాళదుంప సలాడ్ ఎవరూ ముట్టుకోలేదంటే పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో అర్థం చేసుకోవచ్చు. ఆల్మూట్, గెర్లిండె పక్కపక్కనే నిలబడ్డారు. రాత్రింబవళ్లు పోరాడి కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఆల్మూట్ చదివింది.

"ఒకటి: ఎగ్బెర్ట్ హంపెల్ గారిని రిటైరయ్యేదాకా ఉద్యోగంలోంచి తీసే ప్రశ్నే లేదు. రెండు: ఆయన హోదా తగ్గకూడదు. అంత హోదా ఉన్న ఖాళీ ప్రస్తుతం ఒక్కటే ఉంది కనుక, రేపటి నుంచి డిజైన్ విభాగం పెద్ద ఆయనే. మూడు: కంట్రోలర్ స్థానాన్ని క్రాట్స్ గారు భర్తీ చేస్తారు."

చప్పట్లు మిన్నంటాయి. వెండెలిన్‌కు మాత్రం ఏమీ వినపడలేదు. తొమ్మిదేళ్ల ఆశ కళ్లముందే కూలిపోయింది. నలుగురూ అతన్ని ముందుకు తోశారు.

"ఇప్పుడు కొత్త కంట్రోలర్‌ని చూద్దాం," అంది ఆల్మూట్. "ఎక్కడున్నాడు?"

వెండెలిన్ టిఫిన్ డబ్బా తెరిచాడు. బ్రెడ్డు ముక్క పక్కకు తీశాడు. అరచేతిలో కంట్రోలర్‌ని ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదిగో, వీడే."

వెనకున్నవాళ్లు మునివేళ్ల మీద లేచి చూశారు.

"మనిషేడీ?" అంది గెర్లిండె.

"మనిషెవరు?"

"అయితే ఎడమకి వాలేది..." హంపెల్ లేచి నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఉన్న పాతవాడండీ. బొటనవేలి దగ్గర పుల్ల అరిగిపోయింది." అప్పుడు వెండెలిన్‌కు అంతా వెలిగింది. "అయ్యో రామా! మీ గురించనుకున్నారా? ఇదంతా పొరపాటు మేడమ్! ఆ కాగితం చించేయండి. ఆయన ఆయన కుర్చీలో ఉంటాడు, నా కుర్చీ..."

"చించడమా?" గెర్లిండె ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుంది. "సంతకాలు అయిపోయాయి క్రాట్స్ గారూ."

"కానీ కంట్రోలర్ లేడు కదా!"

"భర్తీ చేసే బాధ్యత మీదని స్పష్టంగా రాసుంది. మనిషి లేకపోతే మీరే కూర్చోవాలి," అంది ఆల్మూట్. ఆవిడకు కూడా విషయం ఇప్పుడే అర్థమైంది, కానీ అంతమంది ముందు పొరపాటు ఒప్పుకోవడం కంటే ఒక ఇంజనీరును బలివ్వడం తేలిక.

ఈలోగా హంపెల్ ఆ కంట్రోలర్‌ని చేతిలోకి తీసుకున్నాడు. పుల్ల పీకి మరోచోట అంటించాడు. చక్రం తిప్పి చూశాడు. కీళ్లనొప్పులతో వంకరపోయిన ఆయన వేళ్లకు అది అతికినట్టు సరిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన ఖరీదు అడగడం మరిచిపోయాడు.

"బాగుందయ్యా. మా విభాగంలో మొదటి వస్తువు ఇదే," అన్నాడు డిజైన్ విభాగం పెద్ద.

ఏడాది తిరక్కుండానే అది బజారులోకి వచ్చింది. చేతినొప్పి ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఆటలాడేవాళ్లు, ఆడతామని చెప్పుకునేవాళ్లు ఎగబడి కొన్నారు. పెట్టె మీద హంపెల్ నవ్వుతున్న ఫొటో, దాని కింద ఆయన పేరే. వెండెలిన్ ఇప్పుడు రెండో అంతస్తులో అద్దాల గదిలో కూర్చుని ఖర్చులు చూస్తున్నాడు.

ఆ పెట్టెకు అంత మందం అట్ట ఎందుకని నిన్ననే అభ్యంతరం తెలిపాడు.