వ్యాసంలోని మూడో వ్యక్తి

ఆ ఉదయం కోడలు వేసుకున్న ప్లాను చిన్నదే. మొదటి క్లాసు మొదలయ్యేలోపు తన పరిశోధనా వ్యాసాన్ని కాలేజీ వెబ్‌సైట్లో పెట్టేసి చేతులు దులుపుకోవడం. కాలేజీవాళ్ల పరిశోధనలన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా అక్కడ ఉండాలని, పెట్టనివాళ్ల ప్రమోషన్ ఫైలు కదలదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గడువు ఆ సాయంత్రంతో సరి.

ఆమె భాషాశాస్త్రం చెబుతుంది. వ్యాసం దేని మీదంటే, భోజనాల బల్ల దగ్గర ఎవరి మాటకు ఎవరు అడ్డుపడతారన్న దాని మీద. ఎవరింట్లో బల్ల అని అడక్కండి, తనింట్లోదే. అందరి చేతా సరేననిపించుకుని, ఫ్రిజ్ మీద రికార్డరు పెట్టి, ఒక నెల మాటలన్నీ పట్టింది. పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి మొదటి వ్యక్తి, రెండో వ్యక్తి అంటూ అంకెలు వేసింది. వీళ్లలో మూడో వ్యక్తి ఎవరినీ ఒక్క వాక్యం కూడా పూర్తి చేయనివ్వదని తేలింది. ఆ మూడో వ్యక్తి అత్తగారు.

వ్యాసం పేరున్న పత్రికలోనే పడింది. కానీ చందా కట్టినవాళ్లకు తప్ప తెరుచుకోని పత్రిక అది. ఆ చందా కాలేజీ కూడా మానేసింది. దాంతో వ్యాసాన్ని చదివిన చుట్టం ఒక్కరూ లేరు. అత్తగారు మాత్రం తన కోడలు తమ ఇంటి మీద పరిశోధన రాసిందని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది. కోడలు తలుపేసుకుని రాసుకున్నన్నాళ్లూ పాపను సాకింది ఆవిడే. కోడలికి ఆవిడంటే ప్రాణం. చదివిన రోజున ఆవిడ మొహం ఎలా చూడాలా అన్నదే కోడలి దిగులు. తాళం వేసుకు కూర్చునే పత్రికలను సాటి లెక్చరర్లంతా తిట్టిపోస్తుంటే, ఈమె మాత్రం ఆ తాళానికి లోలోపల దణ్ణం పెట్టుకునేది.

ఇప్పుడు తాళం తీయక తప్పలేదు. పోనీలే, ఎవడు చూడొచ్చాడని పెట్టేసింది.

చూసేవాడు ఉండనే ఉన్నాడు. కాలేజీ లైబ్రేరియన్‌కు చదువు నలుగురికీ పంచాలన్న పిచ్చి. అర్థం కాకుండా పంచి ఏం లాభమని, వచ్చిన ప్రతి వ్యాసానికీ తేట తెలుగులో నాలుగు ముక్కల సారాంశం తనే రాసి పైన తగిలిస్తాడు. కోడలు 'వయోధిక సభ్యురాలి సంభాషణా ఆధిపత్యం' అని పేజీలకు పేజీలు రాసినదాన్ని ఆయన 'ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వనిది పెద్దావిడే' అని తేల్చేశాడు. వ్యాసం మొత్తం కన్నా ఆ ముక్కే బాగుందని ఒప్పుకోవాలి. రాసి ఊరుకోకుండా కాలేజీ అంతటికీ లింకు పంపాడు.

అదే కాలేజీలో లెక్కలు చెప్పే మొగుడుగారు భార్య పేరు చూసి ఉబ్బిపోయి, లోపల ఏముందో చూడకుండా దాన్ని ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాడు. అత్తగారు అంతకన్నా ఉబ్బిపోయి, తనూ చూడకుండానే చుట్టాలందరికీ పంపింది. అందరూ తప్పకుండా చదవాలని పైన ఓ మాట కూడా చేర్చింది.

మొదటి ఫోను ఆడపడుచు నుంచి వచ్చింది. మొగుడికి అక్క. రికార్డరు పెట్టిన నెలలో ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. ఆ మూడో వ్యక్తి తనేనని ఆవిడకు అనుమానం లేకుండా అర్థమైపోయింది. వాగుడుకాయ అన్నా పడేదట.

"పెద్దావిడేమిటి? నాకేమంత వయసు మీద పడిందని?"

కోడలు ఫోను పెట్టేసింది. లైబ్రరీకి పరిగెత్తి వ్యాసం తీసేయమని బతిమాలింది.

"తీసెయ్యడం కుదరదు మేడం," అన్నాడు లైబ్రేరియన్ నింపాదిగా. "సవరించింది ఇంకోటి పెట్టుకోండి. పాతది పక్కనే ఉంటుంది."

ఆ కంగారులో ఆమె మొత్తం వ్యాసంలో వయోధిక సభ్యురాలు అన్నచోటల్లా 'ఒక సభ్యుడు' అని మార్చి, సారాంశం కూడా దిద్దించి, రెండో ప్రతి పెట్టింది. ఆ వెబ్‌సైటుకు ఒక మంచి గుణం ఉంది. మారిన మాటలన్నిటికీ దానంతటదే పసుపు రంగు పూసి, మొదటి ప్రతి తెరిచిన ప్రతివాళ్లకూ కబురు పెడుతుంది. సగం చదివి వదిలేసిన చుట్టాలు కూడా ఇప్పుడు పసుపు రంగు మాటలు ఏరుకుని చదివారు. ఆ మూడో వ్యక్తి ఎవరో గ్రూపులో చర్చ మొదలైంది. తల్లిని కాపాడాలని మొగుడుగారు అది తనేనని ప్రకటించాడు. తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో ఒక్క మాటైనా పూర్తిగా అన్న పాపాన పోలేదని, వాడికంత సీను లేదని ఆడపడుచు జవాబిచ్చింది. పెద్దావిడన్న మాట తనకు చెల్లదనీ తేల్చేసింది. ఇక మిగిలింది ఒక్కరే. గ్రూపు చప్పబడిపోయింది.

సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని ట్యాబులో చదువుతోంది. ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ అలా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఈ మనిషి తనతో మాట్లాడటం మానేస్తే ఎలా బతకడం అని కోడలికి అనిపించింది.

"తప్పైపోయింది అత్తయ్యా," అంది.

"రెండూ చదివాను," అంది అత్తగారు. "మొదటిదే బాగుంది."

అత్తగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను నోరు తెరిస్తే ఒకళ్లు టీవీ చూస్తారు, ఒకళ్లు ఫోను చూస్తారు. వినరనేగా మీద పడి చెప్పేది? నువ్వు నా మాట ఒక్కటి పోనివ్వకుండా రాసుకున్నావు. ఈ ఇంట్లో నా మాట పూర్తిగా విన్నది నువ్వొక్కదానివే."

కోడలు అక్కడే కుర్చీలో కూలబడి, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చేసింది. అత్తగారు వీపు నిమిరి, ముక్కు తుడుచుకోమని తన కొంగు అందించింది.

"కానీ మూడో వ్యక్తేమిటే? నాకు పేరు లేదా?"

పరిశోధనలో పేర్లు దాచడం పద్ధతని కోడలు చెప్పబోయింది.

"దాచమన్నవాళ్లవి దాచుకో. నేనడిగానా దాచమని?"

మర్నాడు మూడో ప్రతి వచ్చింది. అందులో అత్తగారి పేరు ఇంటిపేరుతో సహా పడింది. మార్పుకు కారణం చెప్పాల్సిన చోట లైబ్రేరియన్ ఉన్నమాట రాశాడు: 'అత్తగారు అడిగారు.'