నక్షాలో వంటిల్లు

ముందే చెబుతున్నాను, నవ్వితే కథ ఆపేస్తాను.

ఆలేరులో మాది నాలుగు వాటాల ఇల్లు. మా వాటాకు వచ్చింది ఒక గది, కిటికీ లేని వంటిల్లు, వీధివైపు కొంచెం ఖాళీ జాగా. ఆ జాగాలో వంటిల్లు కావాలని మా సుక్కమ్మ, పేకాట గది కావాలని నేను, పెళ్లయిన నాటినుంచీ కొట్లాడుకుంటున్నాం.

“పొగకు నా కండ్లు పోతున్నయ్! నీకు ముక్కలే ముఖ్యమా?” అనేది.

“నీ వంట రెండు గంటలు. మా ఆట నాలుగు గంటలు. జాగ ఎవలకెక్కువ గావాలె?” అన్నానొకసారి. ఆ పూట పప్పులో ఉప్పు లేదు.

అప్పుడింకా నిజాం సర్కారే. ఆమెకు చెప్పకుండా, గది కట్టుకోవడానికి ఇజాజత్, అంటే అనుమతి, అడగడానికి కచేరీకి వెళ్లాను. మున్షీ నేను గీయించిన గది నక్షా చూసి అడిగాడు: “కూసునే గదేనా? ఎంతమంది?”

“అయిదారుగురం.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “పాగల్ అయినవా? నలుగురు కూడితెనే కమ్యూనిస్టు సంఘపోళ్లంటూ పట్కపోతున్నరు. బైఠక్‌కు ఇజాజత్ దొరకది. వంటిల్లని రాయి.”

రాశాను. ఉర్దూలో ‘బావర్చిఖానా’, కింద నా సంతకం. గది లేచాక లోపల ఏం చేస్తున్నామో ఎవరొచ్చి చూస్తారులే అనుకున్నాను.

సెప్టెంబరులో ఢిల్లీ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో సర్కారే మారిపోయింది గాని నా కాగితం మాత్రం కదల్లేదు. శివరాత్రి దాటాక కొత్త ముద్రతో వచ్చింది. మేస్త్రీ మారయ్య గది లేపాడు. రెండు కిటికీలు, ఎర్రటి గచ్చు, మీద పరిచిన నా జంపఖానా! ముక్కలు పంచబోతుంటే కచేరీ నుంచి కబురు: ఎల్లుండి కట్టడాలు చూసే ఇనస్పెక్టరు వస్తాడు, నక్షాలో ఉన్నట్టు లేకపోతే గోడ కూలగొట్టిస్తాడు.

సుక్కమ్మ కాళ్లావేళ్లా పడ్డాను. “ఒక్క పూట! రెండు కుండలు వెట్టి పొయ్యి ముట్టియ్యి. ఆయన పోంగనే తీసేద్దాం.”

“అయ్యో, నువ్వడిగితె కాదంటనా!” అంది.

పెళ్లయ్యాక ఆమె అంత సులువుగా ఒప్పుకోవడం అదే మొదలు. అనుమానం రావాలా వద్దా? రాలేదు.

మరునాడు పనినుంచి వచ్చేసరికి గోడకు కలిపి రెండు కండ్ల మట్టిపొయ్యి వేసి, అలికి ముగ్గు పెట్టింది. మారయ్య చేత గచ్చు తవ్వించి రోలు పాతించింది. పైన ఉట్టి వేలాడుతోంది. జంపఖానా జాడే లేదు.

“రోలెందుకే?”

“సూసెటోనికి నిజమనిపియ్యాలె గద!”

ఇనస్పెక్టరు కోస్తా మనిషి. గదంతా చూసి “వంటిల్లు భేషుగ్గా ఉందండీ” అన్నాడు. సుక్కమ్మ వేడివేడి సర్వపిండి పెట్టింది. రెండోది తింటుంటే మెల్లగా అడిగింది.

“సారూ, రేపు మా ఆయన గీడ పేకాట వెడితె?”

ఆయన వెనకనుంచి వద్దు వద్దని సైగ చేశాను.

“కుదరదమ్మా! దేనికి అనుమతిచ్చామో దానికే వాడాలి. లేకపోతే రద్దే. ఇదిగో, ఫైల్లో రాసేస్తున్నాను. ఆర్నెల్లకోసారి వచ్చి చూస్తాం.”

“రాండ్రి సారూ, సర్వపిండి జేస్త.”

ఆయన గడప దాటగానే లేచాను. “మోసం జేసినవే!”

“నేనా? వంటిల్లని రాసిందెవలు? సంతకమెవలది?” అంటూ పప్పు కలిపింది. కిటికీలోంచి గాలి వస్తోంది. ఆమె కళ్లు ఎర్రగా లేవు. అంత తెల్లగా చూసి ఎన్నాళ్లయిందో! తిడదామనుకున్నవాణ్ణి, సిగ్గేసి పీట వాల్చుకుని కూర్చున్నాను. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.

ఇప్పుడు మా పేకాట పాత వంటింట్లో. చీకట్లో రాజేదో రాణేదో తెలియదు, ఆడినవాళ్లంతా వీపున మసితో ఇళ్లకు పోయి తిట్లు తింటున్నారు. నిన్న అక్కడ ఒక కిటికీ కోసం మళ్లీ దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. సుక్కమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“ఏం గదని రాస్తున్నవ్?”

కలం కింద పెట్టాను.

“నువ్వే జెప్పు” అన్నాను.