అరవై ఒకటో పెట్టె

ఆ ఓడలో అరవై పెట్టెలకు మించి పట్టవన్నది పచ్చి అబద్ధం. దీని మీద వాదన లేదు.

వాదన లేదు గనుకనే యుద్ధం మొదలైంది. అది ఏ యుగంబున, ఏ మన్వంతరంబున జరిగెనని అడగవద్దు, ఆదివారం, అన్నాలయ్యాక. రణరంగం మూడో అంతస్తులో ముందుగది. అందు తూర్పున టీవీయు, పడమట ఒక కాలు పొట్టిదైన కుర్చీయు విరాజిల్లుచుండ, ఆ కుర్చీయందు, ముప్పైనాలుగేళ్లు గోడౌనులో లారీలకు సరుకెక్కించిన మహాధీరుడు, బస్తాపర్వతారోహణదక్షుడు, రజ్జుబంధనవిశారదుడు, అణుమాత్రావకాశాన్వేషణధురంధరుడు, అనగా చెయ్యి పట్టని సందులో కూడా మూట దూర్చగలడని తోటివారు సందుల మేస్త్రీ అని పేరు పెట్టినవాడు, కరకమలమున కంట్రోలరు ధరించి, నక్షత్రమండలాంతరసరుకురవాణానౌకాధిపతియై వెలుగుచుండెను. ఆ వెలుగు టీవీది.

ఆట కూతురి ఆఫీసులో తయారవుతోంది. చుక్కల మధ్య ఊళ్లు, ఊళ్ల మధ్య సరుకు, సరుకుకు ఓడ. ఏ ఓడలో ఎన్ని పెట్టెలు పట్టాలి, ఏ తుపాకి ఎంత గట్టిగా పేలాలి, ఈ అంకెలు సర్దడమే ఆమె ఉద్యోగం. బయటికి వదిలే ముందు, ఆటలంటే ఏమీ తెలియనివాళ్లు ఎవరైనా ఆడి చూడాలట. ఆమెకు తండ్రి దొరికాడు.

మేస్త్రీ భార్య పోయి రెండేళ్లు. ఆ రెండేళ్ల ఆదివారాలనూ తండ్రీకూతుళ్లు రెండు మాటలతో నెట్టుకొచ్చారు. "మందు వేసుకున్నావా?" "వేసుకున్నాను."

అరవై పెట్టెలు ఎక్కించాడు. అరవై ఒకటోది ఎత్తాడు. అంతట ప్రళయకాలాగ్నిజ్వాలాసంకాశంబులగు ఎర్రని అక్షరంబులు తెరనిండ లేచి నిలిచెను: స్థలం లేదు.

మేస్త్రీ లేచాడు. లేచి, "ఓసీ అంకెలరాణీ! భూతలంబున చోటన నేమో ఎరింగిన నేను బ్రదికియుండగా, నా కన్నుల యెదుట ఇంతటి మహాశూన్యంబు నోరు దెరచియుండగా, స్థలము లేదని పలుక నెవ్వరికి గుండెలు గలవు?" అని గర్జించెను. ఆ గర్జనలో బయటికి వినపడ్డ మాటలు మాత్రం ఇవి:

"ఏమే, ఇంకా బోలెడు చోటుంది కదే."

"ఉంటుంది నాన్నా. అది చూడ్డానికి. పట్టేది అరవయ్యే."

"చూడ్డానికి చోటేమిటి? చోటంటే పెట్టడానికి."

ఆటలోని తన మనిషిని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించి కొలిచాడు. పొడుగున ఇరవైనాలుగు పెట్టెలు, అడ్డంగా పది, ఎత్తున అయిదు. మందుల చీటీ వెనక లెక్క వేసి, కూతురి ముక్కు ముందు పెట్టాడు.

"పన్నెండు వందలు. అందులో నడవకీ నిచ్చెనకీ అరవై తీసేశాను. మీ ఓడ మొత్తం నేను నడవకి వదిలేశాను, చూసుకో. ఇంకా పదకొండు వందల నలభై."

కూతురు నవ్వింది. "అన్నీ ఒకేసారి పడితే ఆడేవాడు మళ్లీ ఎందుకొస్తాడు నాన్నా? ఒక్క ట్రిప్పుతో ఆట అయిపోతుంది. ఏది ఎక్కించాలి, ఏది వదిలెయ్యాలి అని తల పట్టుకోవాలి. అదే ఆట."

"చోటుంచుకుని లేదనడం ఆటా? మా గోడౌనులో దాన్ని బద్ధకం అనేవాళ్లం."

"మీ గోడౌనులో లారీలు ఎగిరేవా?"

"నీ ఓడ మాత్రం ఎగురుతుందా? టీవీలో కూర్చుంది."

అలా టీ తాగేదాకా సాగింది, టీ అయ్యాకా సాగింది. ఆ పూట వాళ్లిద్దరూ అనుకున్న మాటలు అంతకుముందు రెండేళ్లలో అనుకున్నవాటికంటే ఎక్కువ. మేస్త్రీ ఆ సంగతి గమనించాడు. గమనించినట్టు కనిపించకుండా జాగ్రత్తపడ్డాడు.

చెప్పులు వేసుకుంటూ కూతురు పందెం వేసింది. "సరే, నీకు నిజం కావాలి కదా. వచ్చే ఆదివారం నీ ఒక్కడి కోసం నిజం ఓడ తెస్తాను. నిండా ఎక్కించుకో. అవతలి ఊరు చేరితే ఆ అరవై తీసిపారేస్తా. చేరకపోతే ఇక జన్మలో పెట్టెల మాట ఎత్తకూడదు."

"ఎత్తను."

ఓడిపోతే మళ్లీ ఆ మందు మాటలే మిగులుతాయని అప్పుడు తట్టలేదు. సోమవారం పొద్దున తట్టింది. అప్పటికి మాట ఇచ్చేశాడు.

రెండవ ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు, స్నానానంతరము, ఇస్త్రీచొక్కాకవచధారియై, కళ్లజోడు తుడిచి, శత్రుసేనావ్యూహంబు గాంచు సేనానివోలె ఆ పదకొండు వందల నలభై పెట్టెలను గాంచి, బరువైనవి అడుగున, తేలికవి పైన, పొడుగువి గోడవార, ఏ రెంటి నడుమను వేలు దూరకుండ, ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క నొక్కుడుగా, బొటనవ్రేలు కాయ గాచి, కాయ చితికి, మెడ పట్టి, మధ్యాహ్నపు భోజనము చల్లారి, సాయంకాలము నాలుగు గంటలగునప్పటికి, ఆ వీరశిఖామణి ఓడను నింపెను. ప్రపంచంలో ఎవరూ అడగని పని అంత బాగా ఎవరూ చేసి ఉండరు.

"ఇప్పుడు చూడు" అన్నాడు.

ఓడ లేచింది. జానెడు లేచింది. నిలిచింది. ఆ మీదట దాని నాలుగు కాళ్లూ వంకరపోయి, పొట్ట నేలకు తగిలి, వెనక తలుపు ఊడి, పెట్టెల కోటంతా బయటికి కూలింది. కొన్నింట్లో గాజు సామానుంది. గాజు పగిలితే గాజు చప్పుడే రావాలని ఆఫీసులో ఎవరో శ్రద్ధగా పెట్టారు. చాలాసేపు వచ్చింది.

"బరువు నాన్నా" అంది కూతురు. "చోటు నిజమైతే బరువూ నిజమే కదా."

ముప్పైనాలుగేళ్లు అతను సరుకు వంక చూసి "ఇక చాలు" అనలేదు. వంగి, లారీ కింద బరువు మోసే కమాను పట్టీల వంక చూసి అనేవాడు. పైన ఎంత ఖాళీ ఉన్నా సరే, పట్టీ కుంగితే ఇక చాలు. కుర్రకూలీలకు తిట్టి తిట్టి నేర్పిన మొదటి పాఠం అది. ఈ ఓడకు చక్రాలు లేవు కదా అని కిందికి చూడలేదు. సందుల మేస్త్రీ బిరుదు అక్కడే, ఆ గాజుపెంకుల మీదే పడి ఉంది.

"అచ్చం అమ్మ నిలువుటద్దం లాగే..." అని కూతురు ఆగిపోయింది.

ఈ ఇంటికి మారిన రోజు భార్య, "రెండు ట్రిప్పులు వేద్దామండీ" అంది. సందుల మేస్త్రీ ఇల్లు రెండు ట్రిప్పులా? వీధంతా నవ్వరూ? ఒక్క లారీలో మొత్తం ఎక్కించాడు. వేలు దూరలేదు. ఆమె నిలువుటద్దం మీద కుట్టుమిషను పెట్టాడు. దించేటప్పుడు దుప్పటిలోంచి పెంకులు రాలాయి. "పోన్లెండి" అంది. అంతే. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు కిటికీ రెక్కలో చూసుకుని తల దువ్వుకుంది. మేస్త్రీ ఇంకో అద్దం కొంటే తప్పు తనదని ఒప్పుకున్నట్టు. కొనలేదు.

మేస్త్రీ కంట్రోలరు కింద పెట్టాడు. పందెం ప్రకారం నోరు మూసుకోవాలి. మూసుకున్నాడు. కూతురు వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. సగం చుట్టింది.

"నిచ్చెన పక్కన" అన్నాడు.

"పెట్టెల మాట ఎత్తనన్నావు."

"పెట్టెలు కాదు. ఒక్కటి. మీ పాత అరవై ఓడలోనే, నిచ్చెన పక్కన ఒకదానికి చోటుంది. ఒక్కదానికి ఓడేం కుంగదు."

"ఒక్కటి ఎక్కువైతే నీకొచ్చేదేంటి?"

"దాని మీద ఏమీ పెట్టనివ్వకు. ఎవడు ఎంత మొత్తుకున్నా సరే. గాజు సామానుకే అది."

కూతురు అతని వంక చూడలేదు. వైరు మళ్లీ గుచ్చి, లాప్‌టాప్ తెరిచింది. టకటకా కొట్టింది. తెర తిప్పి చూపించింది.

జయము! జయము! వినుడు, దిక్పాలకులారా! సకలసంఖ్యాశాస్త్రదుర్గంబును భేదించి, ఏడుగంటలు పోరాడి, ఓడ విరిగి, వ్రేలు వాచి, పందెమోడి, పరువు పోయి, ఆ మహావీరుడు అరవైని అరవై ఒకటి గావించెను! పుష్పవృష్టి కురియలేదు. కింది వాటాలో ఎవరో తలుపు వేసుకున్నారు.

"నాన్నా, అమ్మ ఎప్పుడైనా..."

"మందు వేసుకున్నాను."

కూతురు లాప్‌టాప్ మూసింది. "వచ్చే వారం తుపాకులు తెస్తాను. చూస్తావా?"

"తుపాకుల సంగతి నాకేం తెలుసు?"

"తెలియనివాళ్లే కావాలి."

"తే. వాటిలో ఎన్ని అబద్ధాలు పెట్టారో చూద్దాం."

తుపాకుల గురించి ఎంతసేపైనా మాట్లాడతాడు. ఆ పెట్టె ఎందుకని మాత్రం అడగవద్దు. కూతురికి చెప్పలేదు. ఇంకెవరికీ చెప్పడు. ఆ మాట ఇక ఎత్తడు.