భీమప్పకు మెమో

ఆ మంగళవారం పొద్దున నాగేశ్వరయ్య పెట్టుకున్న పనులు మూడే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాలి. జుట్టుకు రంగు వేయించుకోవాలి. ఆఫీసుకు వెళ్ళి, తన మీద ఆడిట్ అభ్యంతరాలేవీ పెండింగులో లేవని ఒక సర్టిఫికెట్టు కోసం అర్జీ రాసుకోవాలి. రిటైర్మెంటుకు పందొమ్మిది రోజులే ఉంది. ఆ ఒక్క కాగితం రాకపోతే పెన్షను ఫైలు బల్ల మీద నుంచి లేవదు. ఆయన ఆదోనిలో ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయానికి సూపరింటెండెంటు. ఆఫీసు పేరెందుకు లెండి, దానికీ కాస్త పరువుంది.

ఉగ్గాని సగంలో ఉండగా ఫోను మోగింది. జూనియర్ అసిస్టెంటు ఫర్జానా.

"సార్, బేస్తవారం కమిటీ వస్తాందంట."

"ఏ కమిటీ?"

"అసెంబ్లీది సార్. ప్రజా పద్దుల కమిటీ. మన విశ్రాంతి మందిరాన్ని కండ్లారా సూస్తారంట."

నాగేశ్వరయ్య చేతిలోని బజ్జీ ప్లేటులోకి తిరిగి వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళే దారిలో పన్నెండో కిలోమీటరు దగ్గర ఈ ఆఫీసుకు ఒక చేనేత విశ్రాంతి మందిరం ఉంది. బట్టల మూటలతో నడిచివచ్చే నేతగాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి ఎప్పుడో కట్టారు. ఏటా దానికి సున్నం, బల్బులు, వాచ్‌మన్ జీతం లెక్కల్లో పడుతూనే ఉన్నాయి. పోయినేడు ఆడిట్ వాళ్ళు జీపులో వెళ్ళి చూసి, "పన్నెండో కిలోమీటరు వద్ద భవనం కనబడలేదు" అని ఒక పేరా రాశారు. ఆ పేరా రిపోర్టులో చేరి అసెంబ్లీ దాకా పోయింది. అక్కడి ఎమ్మెల్యేల కమిటీ సంజాయిషీ అడిగింది.

నాగేశ్వరయ్య ఆఫీసులో ఆడిట్‌కు జవాబు రాసే పద్ధతి ఒకటే. పాత ఫైల్లోంచి పాత జవాబు తీసి, తేదీ మార్చి, సంతకం పెట్టడం. అలాగే రాశారు: "భవనం యథాస్థానంలో ఉన్నది. వాచ్‌మన్ భీమప్ప విధుల్లో ఉన్నాడు." రాసిన ఫర్జానా గానీ, సంతకం పెట్టిన నాగేశ్వరయ్య గానీ ఆ భవనాన్ని చూసిన పాపాన పోలేదు. నెలనెలా ఒకటో తారీఖున ఎమ్మిగనూరు బస్సు కండక్టరు వాచ్‌మన్ హాజరు పట్టీ కిటికీలోంచి ఇచ్చిపోతాడు. ఈయన దాని కింద సంతకం పెట్టి, పుస్తకంలో కుట్టించి, జీతం కవరును అదే బస్సులో పంపిస్తాడు. ఏడేళ్ళుగా అదే తంతు.

మధ్యాహ్నం ఇద్దరూ ఆటోలో పన్నెండో రాయి దగ్గర దిగారు. రాయి ఉంది. దాని వెనక సర్కారు కంప, ఎండిన నేల, ఇంకా వెనక మళ్ళీ కంప. గాలి లేదు. రోడ్డు మీద ఒక్క బండీ లేదు. ఆటో ఇంజను ఆపేసరికి చెవుల్లో గుయ్యిమంది.

"ఏముండాది ఈడ? ఏమీ లేదు కద!" అన్నాడు నాగేశ్వరయ్య.

ఫర్జానా చెయ్యెత్తింది. "సార్, ఇనండి."

కంప అవతల ఎక్కడో ఎవరో చిమ్ముతున్నారు. చీపురు నేలను గీసే చప్పుడు. తీరిగ్గా, ఒకే వరసన, ఇంటిముందు కసువు ఊడ్చినట్టు. మనిషి లేడు, ఇల్లు లేదు, చప్పుడు మాత్రం ఉంది. ఎవరక్కడ అని నాగేశ్వరయ్య కేకేశాడు. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆటోవాడు అడగకుండానే ఇంజను స్టార్టు చేశాడు.

ఆఫీసుకు తిరిగివచ్చి, ధైర్యం కోసం ఫర్జానా హాజరు పట్టీల పుస్తకం తెరిచింది. భీమప్ప సంతకం. పోయిన నెల, అంతకుముందు నెల, ఒక్క రోజూ తప్పలేదు. నాగేశ్వరయ్య ఆ పుస్తకాన్ని ఏడేళ్ళలో మొదటిసారి లోపలి దాకా చూశాడు. చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఫర్జానా, ఈ భీమప్ప సచ్చిపోయినాడమ్మా."

"ఎప్పుడు సార్?"

"ఆరేండ్లాయ. ఎమ్మిగనూరులో వాళ్ళ బావమరిది ఇంట్లో దినం చేసినారు. నేను పోయినాను. భోంచేసినాను కూడా. వడలు బాగుండె."

"మల్ల ఆరేండ్లుగా ఈ సంతకాల కింద మీరు సంతకం పెడ్తాండారు కద సార్?"

"పుస్తకం ఎవురు సూస్తారమ్మా, కండక్టరు తొందర పెడ్తాంటే?"

ఫర్జానా ఒక తెల్ల కాగితం తీసింది. కమిటీ వచ్చేటప్పుడు కింది ఉద్యోగులందరికీ హాజరు కావాలని మెమో ఇవ్వాలన్నది రూలు. భీమప్ప పుస్తకంలో ఉన్నాడు కాబట్టి భీమప్పకూ ఇవ్వాలి.

"సచ్చినోనికి మెమోనా!"

"ఇయ్యకపోతే అదొక పేరా ఐతాది సార్."

పేరా అన్న మాటకు నాగేశ్వరయ్య చచ్చినవాళ్ళకంటే ఎక్కువ భయపడతాడు. సంతకం పెట్టాడు. సాయంత్రం బస్సులో మెమో వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున బస్సులో జవాబు వచ్చింది. మెమో అడుగున, అదే చేతిరాతతో రెండు మాటలు: "అందినది. వస్తాను. భీమప్ప."

నాగేశ్వరయ్యకు ఆ రోజు ఉగ్గాని సయించలేదు.

కమిటీకి చూపించడానికి ఏదో ఒక భవనం కావాలి. ఆదోనిలో భవనాలకు కొదవ లేదు, మూతపడిన పత్తి మిల్లులే బోలెడు. కరీం సాబ్ జిన్నింగు మిల్లు ఊరి చివర ఎమ్మిగనూరు రోడ్డు మీదే ఉంది. తొమ్మిదేళ్ళుగా తాళం. కరీం సాబ్ మొహమాటస్తుడు.

"ఒక్క దినానికే కద సూపరింటెండెంట్ సాబ్, తీసుకోండి. కానీ లోపలికి ఒక్కరే పోవద్దు," అన్నాడు.

"ఏం?"

"ఏం లేదు. మిషన్లు అమ్మేసినాను. ఐనా మధ్యాహ్నం పూట తిరిగినట్లుంటాది. అలవాటు పడిన గోడలు కద."

బుధవారమంతా సున్నం కొట్టించారు. కూలీలు ఎంత ఊడ్చినా దూలాల మీంచి పాత దూది పీచు రాలుతూనే ఉంది. గాలి లేకపోయినా అది పక్కకు తేలిపోయేది. "చేనేత విశ్రాంతి మందిరం" అని బోర్డు పెట్టారు. నాలుగు మంచాలు వేశారు. ఇక కావలసింది వాచ్‌మన్. ఆఫీసు ముందు టీ కొట్టు ఎర్రిస్వామిని పిలిచి ఖాకీ చొక్కా ఇచ్చారు.

"పేరడిగితే భీమప్ప అను," అన్నాడు నాగేశ్వరయ్య.

"నాకొద్దు సార్. సచ్చినోని పేరు పెట్టుకుంటే వాడొచ్చి అడగడా?"

"యాడనుంచి వస్తాడప్పా?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. ఫర్జానా బల్ల మీద ఉన్న మెమోను ఎర్రిస్వామి అప్పటికే చదివేశాడు. నాగేశ్వరయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పెన్షను నీ చేతిలో ఉండాది ఎర్రిస్వామీ" అంటే, ఆ మాటకు కరిగి చొక్కా తొడుక్కున్నాడు.

అడుసు తొక్కనేల అని పెద్దలు ఊరికే అనలేదు. బోర్డు చూసి గురువారం పొద్దున్నే పెద్దతుంబళం నుంచి వచ్చిన ముగ్గురు నేతగాళ్ళు నిజంగానే మూటలు దించి మంచాలెక్కి పడుకున్నారు. లేపితే "సర్కారోళ్ళది కద, నీదేం పోయ?" అని అటు తిరిగి పడుకున్నారు. ఇంకొకాయన నీళ్ళ కుళాయి ఏదని నిలదీశాడు. అంతలో కార్లు వచ్చాయి.

చైర్మన్ పెద్దాయన. తెల్ల చొక్కా, చేతికర్ర, చాలా చిన్న గొంతు. ఆయన మాట వినాలంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. లోపలికి వచ్చి ఆయన గోడను వేలితో తాకాడు. వేలికి సున్నం అంటింది. జేబురుమాలుతో తుడుచుకున్నాడు. అరిచి ఉంటే నాగేశ్వరయ్యకు కొంత ధైర్యంగా ఉండేది.

"ఇది పన్నెండో కిలోమీటరా?"

"రాళ్ళు... సరిగ్గా పాతలేదు సార్."

చైర్మన్ తలూపి ఎర్రిస్వామి వైపు తిరిగాడు. "నీ పేరేంటి బాబూ?"

"భీమప్ప అని... పెట్టినారు సార్."

"ఎవరు?"

ఎర్రిస్వామి వాకిలి వైపు చూస్తున్నాడు. వాకిట్లో ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్లని తల, నడుముకు తాళాల గుత్తి, చంకలో గుడ్డ చుట్టిన పుస్తకం. ఎండ వెనక నుంచి పడుతుండటంతో ముఖం కనిపించలేదు. చేతిలో మడతపెట్టిన కాగితం మాత్రం కనిపించింది. మెమో.

"కమిటీ అంటే ఇదేనాప్పా? ఆఫీసుకు పోతే ఈడికి పంపినారు. భీమప్పను రమ్మనినారు కద, ఆయన తరపున వచ్చినాను."

ఎర్రిస్వామి ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. "నేను గాదు తల్లీ! నేను టీ కొట్టోన్ని!" అంటూ ఖాకీ చొక్కా విప్పి ఆమె చేతుల్లో పెట్టి, బనీనుతో రోడ్డు మీదికి పరుగెత్తాడు. మంచాల మీది నేతగాళ్ళు ఏం జరిగిందో అడగకుండానే మూటలు ఎత్తుకుని అతని వెనకే పోయారు.

చైర్మన్ మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వెవరమ్మా?"

"హులిగమ్మప్పా. భీమప్ప పెండ్లాన్ని."

"భీమప్ప ఎక్కడ?"

"సచ్చిపోయి ఆరేండ్లాయ."

చైర్మన్ ఆమె తెచ్చిన పుస్తకం విప్పాడు. ఈ నెల హాజరు పట్టీ. "మరి ఈ సంతకాలు?"

"నావే. ఆయన జబ్బు పడి సెలవడిగితే, బదులు మనిషిని పెట్టి పో అనినారంట ఆఫీసోళ్ళు. నన్ను పెట్టి పోయినాడు. మల్ల రాలేదు. ఇంక సాలు అని నాకెవురూ సెప్పలేదు."

"మందిరం ఉందా?"

హులిగమ్మ ఆయన్ను వింతగా చూసింది. "యాడికి పోతాదప్పా?"

కార్లన్నీ పన్నెండో రాయి దగ్గర ఆగాయి. హులిగమ్మ కంప మధ్య సన్నని కాలిబాటలో ముందు నడిచింది. పదకొండేళ్ళ కిందట రోడ్డును వంపు తీసి నేరుగా వేశారు. రాయిని కొత్త రోడ్డు మీదికి మార్చారు. పాత రోడ్డు కంపలో మునిగిపోయింది. ఆ పాత రోడ్డు పక్కన, చుట్టూ తుడిచిన వాకిలితో, చిన్న పెంకుటిల్లు తెల్లగా నిలబడి ఉంది. లోపల నాలుగు మంచాలు, దులిపిన దుప్పట్లు, నిండా నీళ్ళతో కడవ, బోర్లించిన రెండు గ్లాసులు. పిట్ట కూడా అరవడం లేదు. చైర్మన్ బల్ల మీద ఉన్న అతిథుల పుస్తకం తెరిచాడు. ప్రతి తేదీకి ఎదురుగా "ఎవరూ రాలేదు" అని రాసి ఉంది. పేజీలు తిప్పాడు. పుస్తకం మారినా ఆ మాటే. చివరి అయిదారేళ్ళు చేతిరాత మారింది, మాట మారలేదు. కమిటీ సభ్యుల్లో ఒకాయన బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎవరూ రారని తెలిసి కూడా రోజూ ఊడుస్తావా అమ్మా?"

"వస్తే మట్లో పండుకుంటారాప్పా?"

చైర్మన్ కడవలో నీళ్ళు ముంచుకుని తాగాడు. గ్లాసు దించి, అదే చిన్న గొంతుతో అన్నాడు: "నాగేశ్వరయ్యగారూ, భవనం గురించి మీ జవాబు అక్షరాలా నిజం. నిజం రాసి, తానే నమ్మని ఆఫీసరును నేను ఈ రోజే చూశాను."

నాగేశ్వరయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ఉన్న ఇంటిని ఉందని నమ్మలేక, లేని ఇంటికి సున్నం కొట్టించాడు.

అప్పుడు కమిటీతో పాటు వచ్చిన ఆడిట్ అధికారి ముందుకు వచ్చాడు. చనిపోయిన ఉద్యోగి పేరుతో ఆరేళ్ళు సంతకాలు పెట్టి జీతం తీసుకోవడం నేరమనీ, ఆఫీసుకు తెలియకుండా జరిగి ఉంటే ఈమె మీద కేసు పెట్టి మొత్తం వసూలు చేయాలనీ చెప్పాడు. హులిగమ్మకు సగం అర్థమైంది. తాళాల గుత్తిని పిడికిట్లో పట్టుకుంది.

"ఆఫీసుకు తెలుసా?" అని అడిగాడు చైర్మన్.

తెలియదంటే సరిపోతుంది. పేరా ముసలామె మీదికి పోతుంది, సర్టిఫికెట్టు చేతికి వస్తుంది. ఫర్జానా నేల వైపు చూస్తోంది. నాగేశ్వరయ్య కడవ వైపు చూశాడు, దుప్పట్ల వైపు చూశాడు. ఈ ఇంట్లో ఆఫీసు పని చేసిన మనిషి ఈమె ఒక్కతే అనిపించింది ఆయనకు.

"తెలుసు సార్. దినానికి నేనే పోయినాను. ఆమెది తప్పు లేదు, నాది. పుస్తకం సూడకుండా సంతకం పెట్టినాను."

"ఆ మిల్లు?"

"అదీ నా తప్పే సార్. కరీం సాబ్‌ది గాదు, ఎర్రిస్వామిది గాదు."

చైర్మన్ ఫర్జానాను రాసుకోమన్నాడు. భవనం కనబడలేదన్న పేరా రద్దయింది. బదులు మనిషిని పెట్టింది ఆఫీసే కాబట్టి హులిగమ్మను ఇకమీద సొంత పేరుతో సంతకం పెట్టమన్నారు. ఆరేళ్ళుగా మొగుడి పేరే రాసిన ఆమె కలం పట్టుకుని, తన పేరు రాయడానికి చాలాసేపు ఆలోచించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది.

రద్దయిన పేరా స్థానంలో రెండు కొత్త పేరాలు పుట్టాయి. ఒకటి, మృతుడి హాజరును ఆరేళ్ళు ధ్రువీకరించడం గురించి. రెండోది, మంజూరు లేని విశ్రాంతి మందిరం ఒకటి ఆదోనిలో అదనంగా కనబడటం గురించి. సర్టిఫికెట్టు రాలేదు. నెలాఖరున దండ వేసి, శాలువా కప్పి, నాగేశ్వరయ్యను ఇంటికి పంపారు.

మర్నాటి నుంచి ఆయన సంజాయిషీలు రాసుకోవడానికి రోజూ పదింటికల్లా ఆఫీసుకు వస్తున్నాడు. సర్వీసులో ఉండగా ఒక్క రోజు కూడా ఇంత వేళకు రాలేదని అటెండరు అంటాడు.