కోకుకి నలభై ఒక్క వేల హీట్లు

కుక్కను పెంచడం ప్రేమకు సంబంధించిన విషయం కాదనీ, అది పూర్తిగా ఫారాలకు సంబంధించిన విషయమనీ లోకానికి మొదట చాటిన ఘనత జంషెడ్‌పూర్ శునక బాధ్యతా కేంద్రానిదే. అంతకు ముందు జనం కుక్కకింత అన్నం పడేసి, అది తోక ఊపితే చాలు, పెంచేస్తున్నాం అనుకునేవారు. అంత అజ్ఞానంలో ఇన్ని వేల ఏళ్ళు ఎలా గడిపామో తలుచుకుంటేనే సిగ్గేస్తుంది. ఇప్పుడా బాధ లేదు. సాక్చి మార్కెట్ వెనక పసుపు రంగు మేడలో పదకొండు పేజీల ఫారం ఇస్తారు. అది నింపి, బాధ్యతగల యజమాని అని పత్రం తెచ్చుకున్నవారి కుక్కకు నాలుగు వేలకే ఆపరేషన్ చేస్తారు. (బాధ్యత లేనివారి కుక్కలకు జబ్బులు రావని నియమావళి నమ్మకం.)

కాసిడీహ్‌లో ఉండే అప్పలసూరికి ఈ మేడతో పని ఒక సోమవారం నాడు పడింది. ఆయన ముప్పై రెండేళ్ళు స్టీలు కంపెనీలో ఉక్కు కాచే కన్వర్టర్ దగ్గర పనిచేసి, మూడేళ్ళ కిందట రిటైరైన మనిషి. ఆయన కుక్క పేరు కోకు. ప్లాంటులో వాడే కోకు బొగ్గులా నల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టాడు. ఆరేళ్ళ కిందట, కళ్ళు తెరిచీ తెరవని పిల్లగా గేటు దగ్గర సైకిల్ స్టాండులో దొరికితే టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. ఆ రోజు ఆయన భార్య సింహాచలమ్మ, కుక్కో నేనో తేల్చుకో అంది. ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు గానీ, కోకు పడుకునేది మాత్రం ఆవిడ మంచం కిందే.

అలాంటి కోకు రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. నీళ్ళు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేస్తోంది. ముందు దాన్ని పేరున్న ఒక ఏసీ క్లినిక్కుకి తీసుకెళ్ళారు. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి, కుక్క కంటే ముందు అప్పలసూరికి బీపీ చూశారు. ఆ తర్వాత ముప్పై ఎనిమిది వేల అంచనా చేతికిచ్చారు. (బీపీ ముందే ఎందుకు చూశారో అప్పుడర్థమైంది.) అందులో కుటుంబానికి ఓదార్పు అని తొమ్మిది వందలు కూడా వేశారు. ఆ ఓదార్పు మాకొద్దు, తీసెయ్యండి అని అప్పలసూరి బతిమాలాడు. దాన్ని విడదీసి అమ్మరట.

అలా పసుపు మేడకి చేరారు. అక్కడి డాక్టర్ జెన్సీ, బాగ్‌బేరా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, కోకు పొట్ట నొక్కి, స్కాన్ తీసి, గొంతు తగ్గించింది. గర్భసంచి నిండా చీము పట్టిందట. ఆ సంచి తీసెయ్యాలి, ఐదారు రోజులు దాటితే కుక్క దక్కదు. ఆపరేషన్ తనకి గంటన్నర పని, కానీ పత్రం లేనిదే థియేటర్ తాళం ఇవ్వరు. అంతవరకూ కోకుని ఇక్కడే ఉంచి సెలైన్లతో, ఇంజెక్షన్లతో నెట్టుకొస్తానంది. సింహాచలమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కోకు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

ఫారం నింపడానికి అప్పలసూరి ఎవరి సాయమూ అడగలేదు. ముప్పై రెండేళ్ళు షిఫ్టు లాగ్‌బుక్ రాసిన చెయ్యి అది. అందులో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దొంగ ఎంట్రీ లేదు. ఆ మనిషికి ఆస్తి అంటూ ఉంటే ఆ పేరే. మొదటి ఆరు పేజీలూ యజమాని గురించి. ఉద్యోగం ఎక్కడ? స్టీల్ మెల్టింగ్ షాపు. ఏ పని? కన్వర్టర్. ఎన్నేళ్ళు? ముప్పై రెండు. ఏడో పేజీ తిప్పగానే పైన ‘చివరి హీట్ తేదీ’ అని ఉంది. అప్పలసూరికి ప్రాణం లేచొచ్చింది. తన పని గురించి ఇంత తెలిసి అడిగిన సర్కారు ఫారం ఆయన జన్మలో చూడలేదు.

కన్వర్టర్ మనుషులకి హీట్ అంటే ఒక్కటే అర్థం. ఒక విడత కరిగించి పోసిన ఉక్కు. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మొగుణ్ణి సింహాచలమ్మ ఏనాడూ తిన్నావా అని అడగలేదు, ఎన్ని హీట్లయ్యాయి అనే అడిగింది. కాబట్టి అప్పలసూరి గుండ్రటి అక్షరాలతో కుదురుగా నింపాడు. చివరి హీట్: మార్చి ముప్పై ఒకటి, బి షిఫ్టు. (మెడలో దండేసి పంపిన రోజు, ఎలా మరిచిపోతాడు?) మొత్తం హీట్లు: 41,612. ఒక్కో హీట్ ఎంతసేపు: నలభై ఐదు నిమిషాలు. హీట్ సమయంలో తోడు ఎవరు: ముసలయ్య, చంద్రశేఖర్, ఇంకా బి షిఫ్టు మొత్తం. ఇబ్బందులేమైనా: రెండుసార్లు పొంగి ఒలికింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మంగళవారం ఫారం ఇచ్చాడు. బుధవారం పొద్దున్నే ఫోనుకి నోటీసు వచ్చింది. (కేంద్రం ఆలస్యం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. పత్రాలకే ఆలస్యం, నోటీసులకు కాదు.) ఆరేళ్ళ ఆడకుక్కకి 41,612 హీట్లంటే రోజుకి పందొమ్మిది. కేంద్రం కంప్యూటర్‌కి ఇందులో వింతేమీ తోచలేదు. హీట్లు ఎన్నిటికి మించకూడదో నియమావళిలో లేదు మరి. విడతకు ఐదు పిల్లల చొప్పున అది లెక్క కట్టి, సదరు అప్పలసూరి దగ్గర రెండు లక్షల ఎనిమిది వేల అరవై కుక్కపిల్లలు ఉన్నాయని తేల్చింది. ఆయన్ని ‘భారీ పారిశ్రామిక సంతానోత్పత్తిదారు’గా నమోదు చేసింది. పిల్లలన్నిటికీ మూతికి చిక్కాలు కట్టి, వారంలోగా, వరసలో తీసుకురావాలని ఆదేశించింది.

మధ్యాహ్నానికి ఇద్దరు తనిఖీదార్లు కాసిడీహ్ వచ్చి రెండు గదులూ టేపుతో కొలిచారు. పిల్లలు కనబడలేదు గనుక దాచినట్టు భావించడమైనదని రాసుకున్నారు. బియ్యం డబ్బా మూత తీసి చూడబోతే భార్య అభ్యంతరం చెప్పినదని కూడా రాశారు. అభ్యంతరం చెప్పిన మాటలు మాత్రం రాయలేదు, అవి తెలుగులో ఉన్నాయి కాబట్టి.

అప్పలసూరి నోటీసు పట్టుకుని పరుగున మేడకి వెళ్ళాడు. నడవాలో ఎదురైన జెన్సీ ఫారం నకలు చదివింది. నవ్వు ఆపుకోవడానికి ఆ పిల్ల పడ్డ పాట్లు అంతా ఇంతా కాదు. చివరికి గొంతు సవరించుకుంది.

“అంకుల్, ఇందులో హీట్ అంటే ఉక్కు కాదు. ఆడకుక్క ఎదకొచ్చే రోజులు.”

అప్పలసూరి మనసులో ఫారమంతా మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు. తోడు ఎవరు అన్న చోటికి వచ్చేసరికి గోడ పట్టుకున్నాడు.

“బి షిఫ్టు మొత్తం అని రాసేసాను తల్లీ,” అన్నాడు.

శునక బాధ్యతాధికారి బిపిన్ మహతో మంచి మనిషి. ఎవరినీ విసుక్కోడు, ఎవరి పనీ చెయ్యడు. జరిగిందంతా విని, తప్పు ఎవరికైనా జరుగుతుందని హిందీలో ఓదార్చి, (ఇక్కడ ఓదార్పు ఉచితం) పద్నాలుగో నియమం చూపించాడు. హీట్ల సంఖ్య దిద్దాలంటే, తోడుగా పేర్కొన్నవారు హాజరై, తమకు ఆ కుక్కతో ఎలాంటి సంబంధమూ లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. చంద్రశేఖర్ పోయి రెండేళ్ళయిందని అప్పలసూరి చెప్పాడు. అయితే ఆయన వైపు నుంచి సంబంధం ఉన్నట్టే రికార్డులో ఉండిపోతుందని మహతో నొచ్చుకున్నాడు.

గురువారం ముసలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని అగ్రికో కాలనీ నుంచి వచ్చాడు. పాపం, ఏదో సాక్ష్యం అనుకున్నాడు. కాగితం చదివించుకున్నాక కిటికీ వైపు తిరిగాడు.

“బావా, నా మనవలు ఇది సూత్తే నా గురించి ఏటనుకుంటారు?” అన్నాడు. అయినా సంతకం పెట్టాడు. ఇంక ఆ రోజంతా అప్పలసూరి కేసి చూడలేదు.

మిగతా బి షిఫ్టులో దొరికినవాళ్ళు దొరికారు, దొరకనివాళ్ళకి మినహాయింపు పడింది. శుక్రవారం ఉదయానికి దిద్దుబాటు కాగితం తయారైంది. అప్పలసూరి దగ్గర ఒక్కటే కుక్క, దానికి పిల్లల్లేవు, ఆయన బాధ్యతగల యజమాని కావడానికి అర్హుడు. ఈ సంగతి ఒప్పుకుంటూ మహతో ఆయనకి మామూలు యజమానుల వరసలో ఆపరేషన్‌కి తారీఖు ఇచ్చాడు. అది పద్దెనిమిది రోజుల తర్వాత.

లోపల కోకు అప్పటికి తల ఎత్తడం మానేసింది. ఈ రోజు చెయ్యకపోతే రేపు చెయ్యడానికి ఏమీ ఉండదని జెన్సీ సూటిగా చెప్పేసింది. అప్పలసూరి మళ్ళీ మహతో బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. దణ్ణం పెట్టాడు. ముప్పై రెండేళ్ళలో ఏ ఇంజినీరుకీ పెట్టని దణ్ణం అది.

మహతో కదిలిపోయాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, దిద్దుబాటు కాగితం ఇంకా కంప్యూటర్‌లో ఎక్కించలేదన్నాడు. దాన్ని చించేస్తే ఆయన ఇప్పటికీ భారీ ఉత్పత్తిదారే. వారికి వేరే కిటికీ ఉంది, కుర్చీ ఉంది, టీ ఉంది. వారి ఉత్పత్తి జంతువుకు అదే రోజు, పైసా ఖర్చు లేకుండా వైద్యం చేస్తారు. పరిశ్రమ ఒక్క పూట ఆగినా రాష్ట్రానికి నష్టం కదా! కావలసిందల్లా ఒక్క సంతకం. రెండు లక్షల ఎనిమిది వేల అరవై పిల్లలు పుట్టించిన మాట నిజమనీ, హీట్ల వివరాలన్నీ స్పృహలో ఉండే రాశాననీ.

అప్పలసూరి పెన్ను తీసుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. మాట అబద్ధం, లెక్క అబద్ధం, పైగా ముసలయ్య ప్రమాణపత్రం చెత్తబుట్టలోకి పోతుంది. తన చేత్తో ఇలాంటిది ఒక్కటి కూడా రాయలేదని ఆయన గొణుగుతుంటే, సింహాచలమ్మ లోపల్నుంచి వచ్చింది.

“ముప్పై రెండేళ్ళు నిజమే రాసినావు కదా. అది సచ్చిపోతంది. ఈ ఒక్కటీ అబద్దం రాసీ.”

రాశాడు. అక్షరాలు మాత్రం ఎప్పటిలా గుండ్రంగా రాలేదు.

వెంటనే కుర్చీ వచ్చింది. టీ వచ్చింది. ఒక చిక్కు కూడా వచ్చింది. ఉత్పత్తి జంతువు గర్భసంచి తీసెయ్యడమంటే ఫ్యాక్టరీ నుంచి యంత్రం ఊడబీకడమే, దానికి రాంచీ అనుమతి కావాలని గుమాస్తా అడ్డం పడ్డాడు. జెన్సీ ఫైలు లాక్కుని, కారణం అన్న చోట ‘క్యాపిటల్ రిపేర్’ అని రాసింది. ఈ ఊళ్ళో ఆ మాట చూసి ప్రశ్న వేసే మగాడు ఇంకా పుట్టలేదు. ప్లాంటు ఆపి పెద్ద మరమ్మతు చేస్తున్నారంటే జీఎం అయినా పక్కకి తప్పుకోవలసిందే. థియేటర్ తాళం చేతికొచ్చింది.

ఆ గంటన్నరా అప్పలసూరి కొత్త కుర్చీలో కూర్చోలేదు. తలుపు పక్కన గొంతుక్కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జెన్సీ బయటికొచ్చి, బతికింది అంకుల్ అన్నాక కూడా కాసేపు ఏడ్చాడు.

సోమవారం కోకుని ఇంటికి పంపారు. పొట్టకి కట్టుతో, మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటుతో అది మేడ మెట్ల మీద నిలబడి సింహాచలమ్మ చేతిలోని పెరుగన్నం నాకింది. అప్పలసూరి కృతజ్ఞత చెప్పుకోవడానికి మహతో దగ్గరికి వెళ్ళాడు. చెప్పుకున్నాక, మనసులో ముల్లులా ఉన్నదేదో ఆగనివ్వక, ఒక్క మాట అడిగాడు. తను మొదటి రోజే ఫారం తప్పు లేకుండా నింపి ఉంటే, బాధ్యతగల యజమానిగా, ఇక్కడ దీనికి ఆపరేషన్ చేసేవారేనా?

మహతో నొచ్చుకున్నాడు. చెయ్యకపోవడమేమిటి, కేంద్రం పెట్టిందే అందుకని, రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పి చూపించాడు. పేర్లున్నాయి, తారీఖులున్నాయి, ప్రతి దాని ఎదురుగా మంజూరు ముద్ర ఉంది.

“నాలుగేళ్ళ నుంచి అందరికీ తారీఖు ఇస్తూనే ఉన్నాం. ఆ తారీఖు దాకా ఆగిన కుక్కే ఇంతవరకూ రాలేదు.”