దండల కింద డప్పు

రండర్రా, దగ్గరికి జరగండి. సీతాలూ, గోడకి ఆనకు, సున్నం అంటుతుంది. కూర్చున్నారా? వినండి.

ఒక పెద్ద అడవిలో జంతువుల తేనె అంతా ఒకే గుహలో ఉండేది. ఎవరి వాటా ఏదో రాళ్ల మీద గీసి, రాయికి రాయి గొలుసుగా కట్టి, ప్రతి బొరియలో ఒక నకలు పెట్టుకునేవి. మీ అన్నయ్యలు బ్లాక్‌చెయిన్ అంటారే, అలాంటిదే. ఒకచోట చెరిపితే ఇంకోచోట దొరికిపోతుంది.

తేనె కావాలంటే అర్జీ పెట్టి ఏడు రోజులు ఆగాలి. అర్జీలో అబద్ధముంటే కాపలా ముంగిస డప్పు కొట్టాలి. అడవంతా వచ్చి ఆపుతుంది. డప్పు మోగకపోతే ఏడో పొద్దు వాలగానే ఇచ్చేయాల్సిందే.

ఆరేళ్లు ఒక్క దొంగా రాలేదు.

"అయ్యా, ఒక్కసారి కొట్టి చూస్తానండీ," అని ముంగిస ఏటా అడిగేది.

"వద్దమ్మా! గుడ్లు పొదిగే పిట్టలు బెదిరిపోవూ?" అనేది కార్యదర్శి నక్క.

ఏటా డప్పు తనిఖీ మాత్రం ఘనంగా జరిగేది. అధ్యక్షుడు ఏనుగు డప్పుకి బంతిపూల దండ వేసేది. నక్క బొట్టు పెట్టి, 'భేషుగ్గా ఉంది' అని రాసి సంతకం చేసేది. పాత దండ తీస్తే అపచారమని, దాని మీదే కొత్తది.

ఏడో ఏడు పునుగుపిల్లి, "గుహలో తేనంతా నాదే," అని అర్జీ పెట్టింది. ముంగిస నకళ్లన్నీ తిరగేసేసరికి ఏడో రోజు సాయంత్రమైంది. పచ్చి అబద్ధం! తన పిల్లల వానాకాలపు తిండీ అందులోనే ఉంది. పరుగున వెళ్లి డప్పు మీద ఒక్కటి వేసింది.

చప్పుడు లేదు. ఆరు దండల కింద తోలు ఎలకలు ఎప్పుడో తినేశాయి.

"గట్టిగా కొట్టవే! నా వాటా కూడా పోతుంది!" అరిచింది నక్క.

"దేన్ని కొట్టమంటారు బాబూ? మీ సంతకాన్నా?"

ముంగిస గొంతు చించుకున్నా ఆ కేక నాలుగు చెట్లు దాటలేదు. పొద్దు వాలింది. పునుగుపిల్లి చుట్టాల్ని తెచ్చుకుని కుండలన్నీ మోసుకుపోయింది. ఆ వానాకాలం ముంగిస పిల్లలు చేదు దుంపలు తిన్నాయి. నక్క కూడా తింది, మొహం వంకర పెట్టుకుని.

కొత్త తోలు బిగించాక ముంగిస అందరితో ఒకటే మాటంది. "నెలకోసారి మీలో ఎవరో ఒకరు నాకు చెప్పకుండా దొంగ అర్జీ పెట్టండి. పట్టుకుని మోగిస్తే దొప్పెడు తేనె ఇవ్వండి. మోగించకపోతే నన్ను తీసేయండి."

"మనమే దొంగలమవ్వాలా? పరువేం కాను!" అంది ఏనుగు.

"పరువు దండల కింద ఎలా ఉందో చూశాం కదండీ."

మొదటి దొంగ అర్జీ ఏనుగుదే. డప్పు అదిరిపోయేలా మోగింది. పిట్టలు లేచాయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ గుడ్ల మీద కూర్చున్నాయి. అంతే!

నీతి అంటారా? దొంగలే రాని చోటికి, నెలకో దొంగని మనమే పంపుకోవాలి.

ఇక లేవండర్రా. అమ్మలు కంచాలు పెట్టేసుంటారు, అన్నాలు చల్లారకముందే పోండి.